పేరు కింద ఖాళీ

కొత్త ఫ్లెక్సీకి ఒక వాసన ఉంటుంది. రంగూ కిరసనాయిలూ కలిసినట్టుండి, ఎండ ఎక్కేకొద్దీ గుప్పుమంటుంది. ఈ ఉదయం ఫిల్మ్ నగర్ మలుపులో కారు ఆగిపోతే అద్దం దించానో లేదో, ఆ వాసన ముఖాన కొట్టింది. ఎదురుగా మేడంత ఎత్తున పెద్ద హీరో నవ్వుతున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర కుర్రాళ్ళు డప్పులు వాయిస్తున్నారు, కేకు ఒకరి ముఖానికి ఒకరు పూసుకుంటున్నారు. "గీ లొల్లి ఇప్పట్ల తెగది మేడమ్" అని డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఊరందరికీ ఇవాళ ఆ హీరో పుట్టినరోజు. నాకు మాత్రం పరంధామయ్య గారి పుట్టినరోజు. ఆయనెవరో మీకు తెలియకపోవచ్చు. పాత సినిమాల్లో షావుకారుగానో కరణంగానో వచ్చి, నాలుగు ఇళ్ళు కూల్చి, చివర్లో హీరో చేతిలో తన్నులు తిని వెళ్ళిపోయే మనిషి. ముఖం చూస్తే గుర్తుపడతారు గానీ పేరు చెప్పలేరు. ఆయన కూతురు వసుంధర గారి దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఇప్పుడు తండ్రీ లేడు, కూతురూ లేదు, మేము పనిచేసిన పత్రికా లేదు. డప్పుల మధ్య కారులో కూర్చుని అవన్నీ తలచుకున్నాను.

మాది ఫిల్మ్ నగర్‌లో ఒక చిన్న సినిమా దినపత్రిక. పోస్టర్లు అచ్చువేసే షాపు మీద రెండు గదులు. హీరోల కొత్త సినిమాలు, హీరోయిన్ల పాత అలకలు మిగతా పేజీల నిండా ఉండేవి. చివరి పేజీలో ఒక మూల మాత్రం వసుంధర గారిది. దాని పేరు 'ఒకే రోజు'. ఆ తేదీన పుట్టిన ముగ్గురో నలుగురో పేరున్నవాళ్ళ ఫొటోలు, ఒక్కొక్కరి కింద వాళ్ళు అన్న ఒక్క మంచిమాట. అంతే. కానీ పొద్దున్నే పేపరు తిరగేసి ముందు ఆ మూల చదివేవాళ్ళు చాలామంది ఉండేవారు. దాన్ని కత్తిరించి క్షవరశాల అద్దానికి అతికించుకున్నవాళ్ళను నేను చూశాను. మా పత్రికలో సినిమా వార్తలను నమ్మనివాళ్ళు కూడా ఆ మూలను నమ్మేవారు. నమ్మకం ఊరికే రాలేదని నాకు మొదటిరోజే తెలిసింది.

సిద్దిపేట నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన కొత్త. హుషారు ఎక్కువ. మర్నాటి పుట్టినరోజుల కోసం ఇంటర్నెట్‌లోంచి మంచి మంచి వాక్యాలు ఏరి, శుభ్రంగా టైపు చేసి ఆవిడ ముందు పెట్టాను. కష్టం, కల, గెలుపు, సూర్యోదయం అన్నీ ఉన్నాయి వాటిలో. వసుంధర గారు కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చదివారు. సన్నగా, నిటారుగా, పొద్దున ఇస్త్రీ చేసిన చీర సాయంత్రం దాకా నలగని మనిషి. ఎవరి మీదా గొంతు పెంచేవారు కాదు. టీ కుర్రాణ్ణి కూడా "అండీ" అనేవారు.

"బాగున్నాయండీ. ఈ డాన్స్ మాస్టారు ఈ మాట ఎవరితో అన్నారు?" అని అడిగారు.

"ఎవరితోని ఏంది మేడమ్? అందరితోని అనే ఉంటడు."

"అందరితో అన్నది ఎవరికీ గుర్తుండదమ్మా. ఎవరో ఒక్కరితో అని ఉంటారు. వాళ్ళు దాన్ని దాచుకుని ఉంటారు. వాళ్ళెక్కడున్నారో కనుక్కోండి."

నాకు ఒళ్ళు మండింది. ఒక్క వాక్యం కోసం ఊరంతా తిరగాలా అనుకున్నాను. అయినా పోయాను. ఆ మాస్టారి దగ్గర వెనక వరసలో ఆడిన ఒకావిడ యూసుఫ్‌గూడలో జాకెట్లు కుడుతోందని తెలిసింది. మిషను ఆపి, కాసేపు ఆలోచించి చెప్పింది: "వెనక వరసలో ఉన్నానని చెయ్యి సగమే ఎత్తకు. పూర్తిగా ఎత్తు." ఆ మాట చెబుతుంటే ఆవిడ చెయ్యి తనంతట తనే లేచి దీపం బల్బుకి తగిలింది. తిరిగొచ్చి చెబితే వసుంధర గారు మొదటిసారి నవ్వారు. "చూశారా, చెయ్యి లేచిందిగా. అదీ అన్నమాట అంటే."

ఆవిడ పద్ధతి అది. గొప్పవాళ్ళను గొప్పవాళ్ళ దగ్గర అడగరు. డ్రైవరును, మేకప్ మనిషిని, ఇంట్లో వంటావిడను, శిష్యుణ్ణి అడుగుతారు. పెద్ద హీరో పుట్టినరోజుకి ఆయన ఆఫీసు నుంచి అందమైన సందేశం వచ్చింది. ఆవిడ దాన్ని పక్కన పెట్టి ఆయన డ్రైవరుకి ఫోన్ చేశారు. "ఏమన్నడు మేడమ్... రింగు రోడ్డు మీద కొంచెం స్పీడు పెడితే, 'నిదానంగ పోనియ్యన్నా, పిల్లలున్నరు' అన్నడు. సార్‌కు పిల్లలున్నరు కదా అని తగ్గించిన. 'నాకు కాదు, నీకు' అన్నడు." ఆ రెండు ముక్కలే అచ్చయ్యాయి. హీరో ఆఫీసువాళ్ళు అలిగారు గానీ, హీరో స్వయంగా పది కాపీలు తెప్పించుకున్నాడని తరువాత విన్నాం.

ఆ పుట్టినరోజు పేజీ తయారుచేస్తున్నప్పుడే నాకు ఇంకో పేరు కనిపించింది. నటుల సంఘం వాళ్ళ పట్టికలో అదే తేదీ పక్కన పరంధామయ్య అని ఉంది. మా నాయన ఆయన సినిమా చూస్తూ టీవీని తిట్టేవాడు, అందుకని నాకు సంబరమైంది. ఫొటో వెతికి పెట్టాను. వసుంధర గారు ఆ ఫొటోను ఒక క్షణం చూసి, ఏమీ అనకుండా తీసేశారు. నేను పట్టించుకోలేదు. చోటు చాల్లేదేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆఫీసు ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. "నేనొక పాఠకుణ్ణమ్మా మాట్లాడేది" అంది అవతలి గొంతు. "మీ పేపరు రోజూ చూస్తుంటాను. ఇవాళ పరంధామయ్య గారి పుట్టినరోజు కూడాను. మీవాళ్ళకు తెలిసినట్టు లేదు." ముక్కుతో సాగదీసే ఆ గొంతు తెలుగునాట ఎవరికి తెలియదు! షావుకారు అప్పు అడిగినట్టే ఉంది. "చెప్తా సార్" అన్నాను. "చెప్పమ్మా. ఆయన అనలేదు, పాఠకులు అంటున్నారని చెప్పు" అని పెట్టేశారు. నవ్వాపుకోలేక వెనక్కి తిరిగితే, మా సబ్‌ఎడిటర్ మురళి నవ్వకుండా నన్నే చూస్తున్నాడు. "ఏటా చేస్తాడాయన" అన్నాడు గొంతు తగ్గించి. "ఆయన మేడమ్ వాళ్ళ నాన్న. ఆవిడ ఏ ఏడూ వెయ్యదు." అప్పుడు చూశాను ఆవిడను. తల వంచుకుని ప్రూఫు దిద్దుకుంటున్నారు. ఫోన్ మోగిన దగ్గర్నుంచీ ఆవిడ పెన్ను అదే లైను మీద ఉంది.

కూతురికి తండ్రి మీద ఇంత కక్షా అనుకున్నాను ఏడాదిపాటు. అడిగే ధైర్యం లేక ఊరుకున్నాను. ఆ మరుసటి ఏడు వేసవిలో ఆవిడే చెప్పారు. మధ్యాహ్నం ఇద్దరం డబ్బాలు విప్పుకుని కూర్చున్నాం. శ్రీనగర్ కాలనీలో తండ్రి దగ్గర ఉంటున్న ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. మాట్లాడి పెట్టేసి, అన్నం కెలుకుతూ ఉండిపోయారు.

"నాన్నగారి గుండె బాగా బలహీనపడిందట. వచ్చే పుట్టినరోజే ఆఖరిదనుకోమన్నారట డాక్టర్లు. 'ఈసారైనా అక్క నన్ను వేస్తుందా?' అని వాణ్ణి అడిగారట."

"వెయ్యండి మేడమ్. గింత దానికేముంది?"

"ఏం వెయ్యను? పేరు వేస్తే కింద మాట వెయ్యాలిగా. నేను కోపంతో మానేశాననుకుంటున్నారు మీరంతా. ప్రతి ఏడూ అడుగుతాను రజితా. ఆయనతో పనిచేసినవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుగుతాను. ఏదైనా ఒక మంచిమాట అన్నారా మీతో అని. ఎవరి దగ్గరా లేదు."

అప్పుడు చెప్పారు ఇంటి సంగతి. సెట్లో షావుకారు, ఇంటికొచ్చినా షావుకారే. భార్య కూర వడ్డిస్తే "ఇది మనుషులు తినేదేనా?" అనేవారట. "ఆ డైలాగు ఒక సినిమాలో ఉంది. ముందు మా ఇంట్లో పుట్టి సినిమాలోకి వెళ్ళిందో, అక్కణ్ణుంచి మా ఇంటికొచ్చిందో నాకిప్పటికీ తెలియదు" అన్నారు. కొట్టేవారు కాదు. తాగేవారు కాదు. నోరు తెరిస్తే మాత్రం ఎదుటివాళ్ళు ముడుచుకుపోవాల్సిందే. తల్లి ఆసుపత్రిలో ఆఖరి ఊపిరి తీస్తుంటే గుమ్మంలో నిలబడి నర్సును తిడుతున్నారట. తల్లి పోయాక ఈవిడ మధురానగర్‌లో గది తీసుకుని వచ్చేశారు. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, ఈవిడా తలచలేదు. ఊరందరి మంచిమాటలూ ఏరే పని ఈవిడే ఎందుకు పెట్టుకున్నారో ఆ రోజు నాకు అర్థమైంది. నా డబ్బాకి మూత పెట్టేశాను.

ఆ వారమంతా ఇద్దరం తిరిగాం. ఆవిడ వద్దన్నా నేను వెంట పడ్డాను. ఆయనకు ఏళ్ళ తరబడి మేకప్ వేసిన యాదగిరి కృష్ణానగర్‌లో ఉంటున్నాడు. కూతురని తెలిసి కుర్చీ తుడిచి వేశాడు. విషయం విని తల గోక్కున్నాడు.

"మంచిమాటనా అమ్మా? జర ఆగుండ్రి, యాది చేసుకోనియ్యుండ్రి... అద్దం ముంగట కూసుంటే తిట్లు షురూ అయ్యేటియి. మీసం వంకరున్నదని, పౌడరు ఎక్కువైందని. అలవాటైపోయింది, ఒక్కొక్కపారి తిట్టకపోతే పాణం బాగలేదేమో అని ఫికరయ్యేది." నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు. "మాఫ్ చెయ్యమ్మా. ఎంత సోంచాయించినా వస్తలేదు."

ఇంకా ఇద్దరు ముగ్గురిని కలిశాం. అందరి దగ్గరా అదే మాట. ఆఖరుకి జూబ్లీ హిల్స్‌లో కొడుకు బంగళాలో ఉంటున్న ముసలి ప్రొడక్షన్ మేనేజరు ఒకాయన దగ్గరికి వెళ్ళాం. శేషగిరి గారని, ఆ కుటుంబానికి పాత స్నేహితుడు. ఆయన అంతా విని చేత్తో కొట్టిపారేశారు. "దీనికింత తిరగడమేంటమ్మా వసుంధరా? నా పేరు పెట్టుకో. నాతో అన్నాడని రాసెయ్. నీకు ఏది బావుంటే అది రాయి. పోయేముందు ముసలాడు సంతోషిస్తాడు."

"మీరు వినలేదుగా బాబాయ్."

"వినకపోతే ఏం? విన్నానంటాను. నన్నెవడు కాదంటాడు?"

ఆవిడ నమస్కారం పెట్టి లేచారు. గేటు దాటాక నాకు కోపం ఆగలేదు. "ఏమైతది మేడమ్? ఒక్క అబద్ధం. పెద్దమనిషి సంబరపడి పోతడు. ఎవ్వలకు నష్టం?" అని దులిపేశాను. ఆవిడ చెట్టు నీడన ఆగారు. కోప్పడతారనుకున్నాను. నెమ్మదిగానే చెప్పారు. "ఆయనకు తెలుస్తుంది రజితా. తను అనని మాట తన ఫొటో కింద చూసుకుంటే, అన్నవాటిలో ఒక్కటీ ఎవరూ దాచుకోలేదని తెలిసిపోతుంది. వెయ్యకపోతే కూతురు పగబట్టిందనుకుంటారు. అది ఫరవాలేదు. ఇది తట్టుకోలేరు." ఇన్నేళ్ళుగా ఆ నింద ఆవిడ ఎందుకు మోస్తున్నారో అప్పుడు తెలిసింది.

పుట్టినరోజుకి ముందు ఆదివారం శ్రీనగర్ కాలనీ వెళ్ళాం. తమ్ముడు తలుపు తీశాడు. పరంధామయ్య గారు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నారు. తెర మీద గుమ్మం నిండుగా కనిపించే మనిషి పిడికెడయ్యారు. గొంతు మాత్రం అదే. చూసుకునే కుర్రాణ్ణి కిటికీ తెర గురించి తిడుతున్నారు. కూతుర్ని చూసి ఆపేశారు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఇద్దరికీ ముఖాలు చూసుకోవడం అలవాటు లేదని తెలుస్తూనే ఉంది.

"నాన్నగారూ, పేజీ పని మీద వచ్చాను. మీరు ఎవరితోనైనా అన్న ఒక మంచిమాట చెప్పండి. వాళ్ళు గుర్తుపెట్టుకుని ఉంటారు అనుకునేది. మనిషి పేరు చెప్తే చాలు, నేను వెళ్ళి అడుగుతాను."

ఆయన కళ్ళు వెలిగాయి. దిండు మీద కొంచెం లేచి కూర్చున్నారు. గొంతు సవరించుకుని, చెయ్యి చాచి ఒక పెద్ద డైలాగు చెప్పారు. చివర్లో మారిన షావుకారు ఊరివాళ్ళతో చెప్పే మాటలు.

"అది రచయిత రాసిందండీ."

ఇంకొకటి చెప్పారు. "అదీ అంతేనండీ" అన్నారు ఆవిడ. మూడోది సగంలో ఆయనే ఆపేశారు. చాలాసేపు దుప్పటి అంచు నలిపారు. "రాసిచ్చినవి గుర్తుంటాయమ్మా. సొంతానికి ఏం మాట్లాడానో నాకేం గుర్తుంటుంది?" అన్నారు. తరువాత కిటికీ వైపు చూస్తూ, "అందరినీ అడిగావా?" అన్నారు. ఆవిడ తల ఊపారు. "అయితే లేదన్నమాట" అన్నారు. ఆ మాట సాగదియ్యలేదు, ముక్కుతో అనలేదు. ఆయన అసలు గొంతు ఎలా ఉంటుందో అప్పుడే విన్నాను.

నేను ఉండబట్టలేకపోయాను. "ఇప్పుడు చెప్పుండ్రి సార్. మీ బిడ్డ ముంగట్నే ఉన్నది. ఇప్పుడొక మాట అనుండ్రి. మేమిద్దరం ఇంటున్నం కద." ఆయన కూతురి వైపు తిరిగారు. పెదవులు కదిలాయి. ఆవిడ కుర్చీ అంచుకి జరిగారు. ఆయన మళ్ళీ దిండుకి ఆనుకున్నారు.

"ఇప్పుడంటే పేపరు కోసం అన్నట్టుంటుంది. దానికి తెలిసిపోతుంది" అన్నారు నాతో. ఆవిడ లేచి, దుప్పటి సరిచేసి, వస్తానని చెప్పి బయటికొచ్చారు.

ఆటోలో బయల్దేరాం. యూసుఫ్‌గూడ దాటాక ఆవిడ బయటికి చూస్తూ అన్నారు. "ఇన్నాళ్ళూ మంచిమాటలన్నీ బయట ఖర్చుపెట్టి ఇంటికి ఖాళీగా వచ్చేవారనుకున్నాను. మా వాటా ఇంకెవరికో దక్కి ఉంటుందిలే అనుకునేదాన్ని. ఎవరికీ ఇవ్వలేదు రజితా. ఇదే ఎక్కువ బాధగా ఉంది." నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వెనక్కి తీసుకోలేదు.

ఆ ఏడు 'ఒకే రోజు'లో నాలుగు ఫొటోలు వచ్చాయి. ఒక పాత గాయని, ఒక కళ్ళ డాక్టరు, పెద్ద హీరో. నాలుగో ఫొటో పరంధామయ్య గారిది. మిగతా ముగ్గురి కిందా మాటలున్నాయి. ఆయన పేరు కింద చోటు వదిలేశారు. అచ్చుతప్పనుకుంటారని ఎడిటరు గొడవ చేశాడు. "అనుకోనివ్వండి" అన్నారు ఆవిడ. ఆవిడ ఎడిటరుకి ఎదురు చెప్పడం నేను చూసింది అదొక్కసారే. పొద్దున ఫోన్ మోగుతుందని అందరికీ తెలుసు. అందరం ఏదో పని ఉన్నట్టు తిరుగుతున్నాం. మోగింది. ఆవిడ నావైపు చూశారు. నేను ఎత్తాను.

"పాఠకుణ్ణమ్మా." గొంతు బాగా నీరసించింది. "పరంధామయ్య గారిని వేశారు."

"అవును సార్."

"మాట వెయ్యలేదు."

"లేదు సార్."

"మంచిదే. అబద్ధం రాయలేదు. ఆయన ఏమీ అనుకోలేదని చెప్పు మీ మేడమ్‌కి." ఉన్నదున్నట్టు ఆవిడకు చెప్పాను. ఆవిడ లేచి బయట వరండాలోకి వెళ్ళి, పోస్టర్ల షాపు వైపు తిరిగి నిలబడ్డారు. ఆ రోజు మేమెవరం వరండాలోకి పోలేదు.

వానలు పడేనాటికి ఆయన పోయారు. జూబ్లీ హిల్స్ శ్మశానం బయట టీవీ మైకులు వచ్చాయి. ఒక నిర్మాత గొంతు పూడుకుపోయినట్టు పెట్టి, "పరంధామయ్య గారు నాతో ఎప్పుడూ అనేవారు, నిజాయితీగా కష్టపడితే దేవుడే మన వెంట వస్తాడని" అన్నాడు. పక్కనే నిలబడి ఉన్న వసుంధర గారు మెల్లగా అడిగారు: "ఎప్పుడన్నారండీ?" ఆయన గతుక్కుమన్నాడు. "అంటే... అప్పుడప్పుడూ..." అన్నాడు. ఆవిడ రెట్టించలేదు. ఆ మాట సాయంత్రం అన్ని చానెళ్ళలోనూ వచ్చింది.

పన్నెండో రోజు దాటాక ఆవిడ మళ్ళీ పనిలోకి వచ్చారు. ఒక మధ్యాహ్నం తలుపు దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. తడిసిన గొడుగు, చేతిలో నూనె మరకల కాగితం. మిర్చి బజ్జీలు చుట్టి ఇచ్చిన మా పేపరే అది. పరంధామయ్య గారి ఫొటో మీద నూనె దిగి ముఖం మసకబారింది. "నా పేరు సరోజండీ. జూనియర్ ఆర్టిస్టుగా చేసేదాన్ని. ఇందులో అందరి కిందా మాటలున్నాయి, ఈయన కింద లేవు. నా దగ్గర ఒకటుంది. ఆయన ఇల్లెక్కడో చెప్తే ఆయనకే చెప్పి వస్తాను" అంది.

మురళి తల తిప్పుకున్నాడు. చెప్పాల్సింది నేనే అయింది. "సార్ పోయిండమ్మా. పోయిన నెల్లనే." సరోజమ్మ కుర్చీ వెతుక్కుని కూలబడింది. "అయ్యో. ఆలస్యం చేశానే" అని కొంగు నోట్లో కుక్కుకుంది. వసుంధర గారు నీళ్ళిచ్చి, కింద ఉన్న చిన్న స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. తను ఎవరో చెప్పలేదు. "నాకు చెప్పండి" అన్నారు.

"మద్రాసులో అండీ. నాకదే మొదటి సినిమా. ఆయన నన్ను జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చే సీను. రిహార్సల్లోనే వణికిపోయాను. టేకు ముందు ఆయన కండువా సర్దుకుంటున్నట్టు వంగి, ఎవరికీ వినపడకుండా నాతో అన్నారు: 'భయపడకు. నేను గట్టిగా పట్టుకోను. నువ్వు గట్టిగా అరువు. కోపమంతా నా ముఖంలో చూపిస్తాను, నీ జుట్టు మీద కాదు.' అయిపోయాక మామూలే, కెమెరామన్ దగ్గర్నుంచి అందర్నీ తిట్టారు. నన్నూ తిట్టారు. ఆ తర్వాత ఎంతమంది ఈడ్చారో నన్ను సినిమాల్లో. వెంట్రుకలు ఊడొచ్చేవి. అలా చెప్పినవాళ్ళు ఇంకొకరు లేరు. ఆయన చెడ్డవాడని అందరూ అంటుంటే నేను ఊరుకునేదాన్ని. జూనియర్ ఆర్టిస్టు మాట ఎవరికి కావాలి?"

వసుంధర గారు ఆ మాట మళ్ళీ చెప్పమన్నారు. చెప్పింది. ఇంకోసారి అడిగారు. తరువాత, "ఎలా పట్టుకున్నారు?" అన్నారు. సరోజమ్మకు అర్థం కాలేదు. వసుంధర గారు ముడిలోంచి పిన్ను తీసేశారు. నెరిసిన జుట్టు భుజాల మీద పడింది. ఆవిడ జుట్టు విరబోసుకోవడం మా ఆఫీసులో ఎవరూ చూడలేదు. "చూపించండి" అన్నారు.

"అయ్యో, తప్పండీ" అంది సరోజమ్మ. ఎదుటి ముఖంలో ఏం చూసిందో, ఇంకేం అనలేదు. వేళ్ళు జుట్టులోకి పోనిచ్చి నెమ్మదిగా పిడికిలి మూసింది. పట్టు ఉంది గానీ లాగడం లేదు. "ఇంతే. లాగుతున్నట్టు నేనే వంగేదాన్ని" అంది. వసుంధర గారు వంగారు. కాసేపాగి సరోజమ్మ చెయ్యి తీసేసింది.

ఆ మాట 'ఒకే రోజు'లో రాలేదు. పుట్టినరోజున వెయ్యాల్సిన మాట పుట్టినరోజునే వెయ్యాలని ఆవిడ ఏడాది ఆగాలనుకున్నారు. ఈలోపే పత్రిక మూతపడింది. ఇంకోచోట ఇద్దామంటే వద్దన్నారు. ఆపైన ఆవిడ ఎక్కువ కాలం లేరు. ఇప్పుడు నేను జూబ్లీ హిల్స్‌లో సినిమాల ప్రచారం చూసే ఆఫీసులో పనిచేస్తున్నాను. పుట్టినరోజులకు మంచిమాటలు తయారుచేసి పంపడం కూడా మా పనే. ఎన్ని కావాలంటే అన్ని పుడతాయి, మర్నాటికి ఒక్కటీ గుర్తుండదు. పరంధామయ్య గారి మాట నేను రాస్తున్న దీంట్లోనైనా అచ్చులో పడిందని నాకు కొంచెం తృప్తి. ఇక వసుంధర గారి మాట అంటారా, నేర్పినవన్నీ రోజూ వాడుకుంటూనే ఉన్నాను గానీ, ఆవిడ గురించి ఎవరైనా అడిగితే నాకు ఏ మాటా గుర్తుకు రాదు. సరోజమ్మ చెయ్యి తీసేశాక కూడా చాలాసేపు పైకి లేవని ఆ తల గుర్తొస్తుంది.